మాక్స్ స్టిర్నర్: ఒంటరి ధిక్కారం, దాని హద్దులు

ప్రూధోఁ, బకూనిన్ వంటి అరాజకవాదులు రాజ్యాన్ని కాదన్నారు కానీ సమాజాన్ని కాదనలేదు. ఈ పాఠంలో మీరు చదవబోయే రచయిత వాళ్లకంటే ముందుకు పోయాడు. రాజ్యం, మతం, చట్టం, నీతి మాత్రమే కాదు, ‘మానవత్వం’ అనే గొప్ప మాటకు కూడా తన మీద పెత్తనం చేసే హక్కు లేదన్నాడు. అతని పేరు మాక్స్ స్టిర్నర్. అతన్ని నిలబెట్టినది ఒకే ఒక పుస్తకం. అది 1844 చివర లైప్‌జిగ్ నగరంలో వెలువడింది, ముఖపత్రం మీద మాత్రం 1845 అని ఉంటుంది. దాని జర్మన్ పేరును తెలుగులో ‘ఏకైకుడు, అతని సొత్తు’ అని చెప్పుకోవచ్చు. ఆ పుస్తకం ఏం చెప్పిందో తెలుసుకోవడంతో ఈ పాఠం ఆగదు. అందులోని ధిక్కారం నిజంగా సంకెళ్లలో ఉన్న మనిషికి ఎంతవరకు పనికొస్తుంది అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న. స్టిర్నర్ మీద వచ్చిన విమర్శల్లో చాలా భాగం ఈ ప్రశ్న దగ్గరికి రాకుండానే ముగిసిపోతుంది.

‘అరాజకం’ అనే మాట

ముందు మాట సంగతి తేల్చుకుందాం. ‘అరాచకం’ అనగానే మనకు స్ఫురించేది వార్తాపత్రికల అర్థం: దొమ్మీ, దోపిడీ, అడిగే నాథుడు లేకపోవడం. దీనికి మూలమైన ‘అరాజకం’ అంటే రాజు లేని స్థితి. వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో దశరథుడు పోయాక, భరతుడు ఇంకా రాకముందు, పెద్దలు వసిష్ఠుడి ఎదుట రాజు లేని దేశం ఎలా ఉంటుందో ఏకరువు పెడతారు. వాన కురవదు, పొలంలో విత్తనం పడదు, కొడుకు తండ్రి చెప్పుచేతల్లో ఉండడు, భార్య భర్త చెప్పుచేతల్లో ఉండదు, చేపల్లాగా మనుషులు ఒకరినొకరు మింగుతారు. ఈ జాబితాను జాగ్రత్తగా చూడండి. రాజు, తండ్రి, భర్త అనే మూడు పెత్తనాలూ ఒకే గొలుసులోని కొలికిలుగా అందులో కనిపిస్తాయి. పై కొలికి ఊడితే కింది కొలికిలు నిలవవని ఆ పెద్దల భయం. స్టిర్నర్ ఈ సర్గ చదివి ఉంటే గొలుసు గురించి వాళ్లతో ఏకీభవించేవాడు, భయం గురించి మాత్రం కాదు.

పరీక్ష జవాబుల్లో కొందరు విద్యార్థులు వేమననో చలాన్నో ‘వ్యక్తివాద అరాజకవాది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ధిక్కరించిన ప్రతివాడూ అరాజకవాది కాడు. ఒక పెత్తనాన్ని కాదని మరో ఉన్నతమైన దానికి తలవంచేవాడు వేరు, తలవంచడాన్నే కాదనేవాడు వేరు. ఈ తేడా గుర్తుంటే స్టిర్నర్ ఎందుకు అరుదైనవాడో తెలుస్తుంది.

స్టిర్నర్ తనను అరాజకవాదినని చెప్పుకోలేదు. ఆ వరుసలో అతన్ని తర్వాతివాళ్లు చేర్చారు. అమెరికాలో వ్యక్తివాద అరాజకవాదం అతనితో నిమిత్తం లేకుండానే పుట్టింది. జోసయ్యా వారెన్ 1827లో సిన్సినాటీలో తెరిచిన దుకాణంలో సరుకును కొన్న ధరకే ఇచ్చి, అమ్మేవాడికి పట్టిన సమయాన్ని శ్రమగా లెక్కగట్టేవారు. ఒక మనిషి మీద మరో మనిషికి గానీ, ప్రభుత్వానికి గానీ అధికారం ఉండకూడదన్నది వారెన్ సూత్రం. 1881లో ‘లిబర్టీ’ పత్రిక పెట్టిన బెంజమిన్ టకర్ ఈ సంప్రదాయానికి వారసుడు. ఆ దశకం రెండో సగంలో టకర్ స్టిర్నర్ వైపు మొగ్గాడు. సహజ హక్కులను నమ్మిన పాత మిత్రులు కొందరు అది భరించలేక పత్రికకు దూరమయ్యారు. 1907లో స్టిర్నర్ పుస్తకానికి ఇంగ్లీషు అనువాదం ప్రచురించినది కూడా టకరే.

మనిషి, పుస్తకం

స్టిర్నర్ అసలు పేరు యోహాన్ కాస్పర్ ష్మిట్. 1806లో బైరాయిట్‌లో పుట్టాడు. నుదురు విశాలంగా ఉండేది కనుక తోటి విద్యార్థులు ‘నుదురోడు’ అనే అర్థంలో పెట్టిన ముద్దుపేరే కలంపేరయింది. బెర్లిన్‌లో హెగెల్ ఉపన్యాసాలు విన్నాడు. 1839 నుంచి 1844 వరకు ఒక ప్రైవేటు బాలికల పాఠశాలలో ఉపాధ్యాయుడు. సాయంత్రాలు హిప్పెల్ అనే ద్రాక్షసారాయి అంగడిలో ‘స్వేచ్ఛాపరులు’ అని పిలవబడిన యువ హెగెలియన్ల మధ్య, ఎక్కువగా మాట్లాడకుండా చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడట. ఆ గుంపును అక్కడ కలిసిన ఎంగెల్స్ స్టిర్నర్ బొమ్మ కూడా గీశాడు. స్టిర్నర్ రూపం మనకు తెలిసినది ఎంగెల్స్ గీతల్లోనే.

పుస్తకం బయటికి రావడానికి కాస్త ముందే అతను బడి ఉద్యోగం వదులుకున్నాడు. సాక్సనీ ప్రభుత్వం మొదట ప్రతులను జప్తు చేసింది. కొద్ది రోజుల్లోనే, ఇంత అసంబద్ధమైన పుస్తకం వల్ల ప్రమాదం లేదని వదిలేసింది. సర్వాధికారాన్నీ ధిక్కరించిన రచనకు అధికారం ఇచ్చిన యోగ్యతాపత్రం ఇది. స్టిర్నర్ అభిమానులు దీన్ని అధికారుల తెలివితక్కువతనంగా చెప్పి నవ్వుతారు. నా ఉద్దేశంలో ఆ అధికారుల మాటలో కొంత లోకజ్ఞానం ఉంది. అదేమిటో ముందు ముందు చూస్తారు.

పట్టిన దయ్యాలు

1841లో ఫోయర్‌బాక్ ‘క్రైస్తవ మత సారం’ రాశాడు. దేవుడికి మనం అంటగట్టిన గుణాలన్నీ మనిషివేనని, మనిషి తన ఉత్తమ లక్షణాలను ఆకాశంలోకి విసిరి వాటికే మొక్కుతున్నాడని అందులో వాదించాడు. ఆ తరం యువకులకు అది పెద్ద విడుదల. స్టిర్నర్ మాత్రం అడ్డుపడ్డాడు. మీరు దేవుణ్ణి గుళ్లోంచి దింపి ‘మానవుణ్ణి’ ఎక్కించారు, గుడి అలాగే ఉంది, గంట కూడా అలాగే మోగుతోంది అన్నది స్థూలంగా అతని ఆక్షేపణ. దేవుడు దయామయుడన్నప్పుడు పవిత్రంగా ఉన్న దయ, మానవత్వమే దయ అన్నప్పుడూ పవిత్రంగానే ఉంది. ‘నిజమైన మనిషి’ అనే కొలబద్ద ఎదుట నేను ఎప్పుడూ తక్కువవాడినే. పాతరోజుల్లో పాపిని, ఇప్పుడు అమానుషుణ్ణి. ఈ నాస్తికుల్లో భక్తి ఏమీ తగ్గలేదని అతను ఎద్దేవా చేశాడు.

ఇలా మనిషి తలలో పుట్టి మనిషినే ఏలే భావాలను అతను దయ్యాలన్నాడు. మన వాడుకలో ‘దయ్యం పట్టింది’ అంటాం కదా, అతని జర్మన్ వాక్యాలకు ఆ మాట అతికినట్టు సరిపోతుంది. రాజ్యం, దేశం, ధర్మం, చట్టం, ఆస్తి హక్కు, కుటుంబ పరువు ఇవన్నీ అతని లెక్కలో పట్టినవే. వీటిలో ఏదీ ఉండకూడదని అతను అనడం లేదు. నాకు పనికొస్తే వాడుకుంటాను, లేకపోతే పక్కన పెడతాను, వాటికి నేను పనిముట్టు కాబోనంటాడు. ప్రేమించడాన్ని కూడా అతను కాదనలేదు. ప్రేమించడం నాకు సంతోషం కనుక ప్రేమిస్తాను, ప్రేమ అనేది ఆజ్ఞ కనుక కాదు.

పుస్తకంలో ఇది బలమైన భాగం. ఇంట్లో, బడిలో, ఆఫీసులో మన చేత పని చేయించే మాటలను ఒకసారి తలచుకోండి. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అనే వాక్యంలోని ఆ నలుగురిని మీరెప్పుడైనా లెక్కపెట్టారా? కనిపించని ఆ నలుగురు కనిపించే పోలీసు కంటే ఎక్కువ పెత్తనం చేస్తారు. అధికారం లాఠీలో మాత్రమే ఉండదని, లాఠీ అక్కర లేకుండా తలవంచేవాడి తలలో ముందుగా ఉంటుందని స్టిర్నర్ 1844లో పట్టుకోవడం చిన్న విషయం కాదు.

అతన్ని పెట్టుబడిదారీ స్వార్థానికి వంతపాడినవాడిగా రాయడం సరికాదు. ఆస్తిని పవిత్రం చేసే చట్టాన్ని అతను మిగతా దయ్యాల సరసనే నిలబెట్టాడు. రాజ్యం నిలిచి ఉన్నది శ్రమ బానిసత్వం మీదేనని, కార్మికులు తమ బలం తెలుసుకుంటే దాన్ని ఆపగలిగేదేదీ లేదని రాశాడు. ఆడం స్మిత్‌ను తర్వాత జర్మన్‌లోకి అనువదించాడు గానీ అతని శిష్యుడు కాలేదు.

విప్లవం, తిరుగుబాటు అనే రెంటిని అతను విడదీసి చూపడం కూడా మీరు గుర్తుంచుకోదగినది. విప్లవం పాత ఏర్పాటును పడగొట్టి కొత్త ఏర్పాటు చేస్తుంది, మనుషులను మళ్లీ ఎక్కడో ఒకచోట కూర్చోబెడుతుంది. తిరుగుబాటు చేసినవాడు ఎవరూ తనను కూర్చోబెట్టనివ్వడు, తానే లేచి నిలబడతాడు. అతను వాడిన జర్మన్ మాటలోనే ‘పైకి లేవడం’ అనే అర్థం ఉంది. మన ‘తిరుగుబాటు’లో వెనక్కి తిరగడం ఉంది కనుక ఆ చమత్కారం అనువాదంలో నిలవదు. ఇరవయ్యో శతాబ్దపు విప్లవ ప్రభుత్వాలు ఎన్ని జైళ్లు కట్టాయో తెలిసిన మనకు ఈ విభజన అతని కాలంవాళ్లకంటే బాగా అర్థమవుతుంది.

స్వాధీనత: బానిస ఉదాహరణ

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. స్టిర్నర్ స్వేచ్ఛ అనే మాటను అంతగా నమ్మడు. స్వేచ్ఛ అంటే ఏదో ఒకదాన్నుంచి విడుదల, అది ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది, ఇచ్చినవాడు తిరిగి తీసుకోగలడు. దాని బదులు అతను చెప్పే గుణాన్ని తెలుగులో ‘స్వాధీనత’ అనవచ్చు, అంటే నేను నా అధీనంలో ఉండడం. ఇది ఏ స్థితిలోనైనా సాధ్యమని చూపడానికి అతను క్రూరుడైన యజమాని చేతికింద ఉన్న బానిసను ఉదాహరణగా తీసుకున్నాడు. కొరడా దెబ్బకు ఒళ్లు మండుతుంది, ఆ నొప్పి నుంచి బానిసకు స్వేచ్ఛ లేదు. అయినా మూలిగే ఎముకలు అతనివే, ఓర్చుకుంటున్నది అతనే, అదను కోసం కాచుకున్నదీ అతనే. అదను దొరికిన క్షణాన యజమానిని తొక్కి బయటపడతాడు. ఆ బయటపడడం అతని స్వాధీనత ఫలితం మాత్రమే.

ఈ పేజీ చదివినప్పుడు మొదట ఉత్సాహం కలుగుతుంది. తర్వాత ఒక అనుమానం వస్తుంది. బెర్లిన్‌లో కుర్చీలో కూర్చుని బానిస గురించి రాయడం తేలికే, నిజమైన బానిస దీన్ని ఒప్పుకుంటాడా? విచిత్రంగా, ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల పుస్తకం కొద్ది నెలల్లోనే, 1845 మే నెలలో, బోస్టన్‌లో అచ్చయింది. అది ఫ్రెడరిక్ డగ్లస్ రాసిన తన జీవిత కథ. ఈ ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలిసిన దాఖలా ఏదీ పుస్తకాల్లో కనిపించదు. పక్కపక్కన పెట్టి చదవడం మన పని.

డగ్లస్ సాక్ష్యం

మేరీలాండ్‌లో బానిసగా పుట్టిన డగ్లస్‌ను 1834లో ఎడ్వర్డ్ కోవీ అనే కౌలురైతు దగ్గరికి ఏడాది కాలానికి పంపారు. మొండి బానిసలను లొంగదీయడంలో పేరున్నవాడు కోవీ. నెలల తరబడి కొరడా దెబ్బలు తిని చదువు మీద ఆశ, మనసులోని ఉత్సాహం అన్నీ చచ్చిపోయిన స్థితిలో, ఒకరోజు పశువుల కొట్టంలో కోవీ తాడుతో కట్టబోతే డగ్లస్ ఎదురు తిరిగి అతని గొంతు పట్టుకున్నాడు. పెనుగులాట చాలాసేపు సాగింది. ఆ తర్వాత కోవీ మళ్లీ చెయ్యెత్తలేదు. డగ్లస్ ఇంకా నాలుగేళ్లు బానిసగానే ఉన్నాడు. అయినా తన మట్టుకు తాను బానిసత్వం ఆ రోజే ముగిసిందని రాసుకున్నాడు. చట్టం మారలేదు, యజమాని మారలేదు, మారినది అతనే.

ఇంతవరకు చూస్తే స్టిర్నర్ గెలిచాడు. ‘స్వాధీనత’కు ఇంతకంటే మంచి ఉదాహరణ ఊహించి కూడా రాయలేం. అయితే అదే అధ్యాయాన్ని మళ్లీ నిదానంగా చదవండి. పెనుగులాట మధ్యలో కోవీ సాయం కోసం బిల్ అనే మరో బానిసను పిలుస్తాడు. బిల్ నిరాకరిస్తాడు. తన యజమాని తనను పనికి అద్దెకిచ్చాడు గానీ డగ్లస్‌ను కొట్టించడానికి కాదని చెప్పి తన దారిన పోతాడు. ఆ మనిషి చెయ్యి కలిపి ఉంటే ఆ కొట్టంలో ఏం జరిగేదో మీరే ఊహించండి. ఒంటరి పోరాటంలా కనిపించే ఆ ఘట్టం నిలబడినది మరొకడు చెయ్యని పని మీద. బిల్‌కు అందులో లాభం ఏమీ లేదు, దెబ్బలు తప్పవన్న భయం మాత్రం ఉంది.

పారిపోవడం సంగతి ఇంకా స్పష్టం. 1838 సెప్టెంబరు 3న డగ్లస్ బాల్టిమోర్‌లో రైలెక్కాడు. ఒంటి మీద నావికుడి దుస్తులు, జేబులో స్వతంత్రుడైన ఒక నల్లజాతి నావికుడు ఇచ్చిన కాగితాలు. ఆ కాగితాల్లోని వర్ణన డగ్లస్‌కు సరిగా సరిపోదు, పట్టుబడితే ఇచ్చినవాడికీ శిక్షే. ప్రయాణానికి డబ్బు సాయం చేసినది అన్నా మరే అనే స్వతంత్ర నల్లజాతి స్త్రీ, తర్వాత అతని భార్య. న్యూయార్క్‌లో దిక్కుతోచక తిరుగుతుంటే ఆశ్రయమిచ్చినవాడు డేవిడ్ రగల్స్. అదను కోసం బానిస కాచుకున్నాడు, నిజమే. ఆ అదను మాత్రం ఆకాశం నుంచి ఊడిపడలేదు, నలుగురు కూడి తయారుచేశారు. స్టిర్నర్ ఉదాహరణలో ఆ నలుగురి ఊసే లేదు.

1845 పుస్తకంలో డగ్లస్ తాను ఎలా పారిపోయాడో చెప్పడు. చెబితే సాయపడినవాళ్లకు ముప్పు, అదే దారిన రావలసిన మిగతావాళ్లకు దారి మూసుకుపోతుంది, అందుకే చెప్పనని పాఠకులకు నేరుగా విన్నవించుకుంటాడు. ఆ వివరం బయటపెట్టినది 1881లో, బానిసత్వం రద్దయిన చాలా ఏళ్లకు. తనకు కీర్తి తెచ్చే కథను ముప్పై ఆరేళ్లకు పైగా అతను దాచుకున్న కారణాన్ని ఏ దయ్యం కింద లెక్కకట్టాలి? ఎవరూ ఆజ్ఞాపించలేదు. ‘మానవత్వం’ అనే విగ్రహానికి చేసిన మొక్కుబడి కూడా కాదు. ముఖాలు, పేర్లు తెలిసిన మనుషుల పట్ల ఉన్న బాధ్యత అది. స్టిర్నర్ అభిమాని దీన్ని కూడా ‘తన ఇష్టం కొద్దీ చేశాడు’ అని తన సిద్ధాంతంలో ఇమిడ్చగలడు. అలా దేన్నైనా ఇమిడ్చగల సిద్ధాంతం దేన్నీ వివరించలేదని తర్కం పాఠంలో మీరు చదివే ఉంటారు.

అహంవాదుల కూటమి

కలిసి బతకడం గురించి స్టిర్నర్ అసలు ఆలోచించలేదనడం అన్యాయం. రాజ్యానికి, సమాజానికి బదులుగా అతను ‘అహంవాదుల కూటమి’ అనే భావన ఇచ్చాడు. ఎవరి అవసరం కొద్దీ వాళ్లు చేరతారు, అక్కర తీరాక విడిపోతారు, కూటమి సభ్యుల మీద పెత్తనం చెయ్యదు. విమర్శకులకు 1845లో ఇచ్చిన సమాధానంలో దీనికి ఉదాహరణలు కూడా చెప్పాడు: వీధిలో ఆటకు గుమిగూడిన పిల్లలు, కలిసి సారాయి అంగడికి బయల్దేరిన స్నేహితులు. చక్కటి ఉదాహరణలే. వీటిలో ఎవరి పీక మీదా కత్తి లేదన్నది గమనించండి. ఆట మధ్యలో ఒక పిల్లవాడు ఇంటికి పోతే ఆట చెడుతుంది, అంతే. బిల్ మధ్యలో మనసు మార్చుకుంటే ఒక ప్రాణం పోతుంది. ప్రమాదం ఉన్నచోట మనం ఒకరినొకరు నమ్ముకుని చేసే పనికి ఈ కూటమి చాలదు. అక్కర తీరాక కూడా విడిచిపోనని మాటిచ్చేవాడు కావాలి. మాట అంటే నిన్నటి నేను ఇవాళ్టి నన్ను కట్టేయడం. అదొక్కటీ స్టిర్నర్ ఒప్పుకోడు. నిన్నటి తన సంకల్పానికి కూడా తాను బందీ కానంటాడు.

అతని సొంత జీవితంలో ఇది ఎలా పరిణమించిందో చెప్పడం చాడీ అవుతుందేమో కానీ, పుస్తకం మొదటి పుటలోనే ఒక పేరు ఉంది కనుక తప్పదు. పుస్తకాన్ని తన ప్రియమైన మరీ డేన్‌హార్ట్‌కు అంకితమిచ్చాడు. 1843లో ఆమెను పెళ్లాడాడు. అప్పటి ప్రష్యాలో మరో మార్గం లేదు గనుక సకల పవిత్రతలనూ వెక్కిరించిన ఆ మిత్రబృందం పాదరీని పిలవక తప్పలేదు. ఉద్యోగం పోయాక ఆమెకు వారసత్వంగా వచ్చిన సొమ్ముతో పాల వ్యాపారం పెట్టాడు. పాలు చేరాయి, కొనేవాళ్లు రాలేదు. సొమ్ము పోయింది, ఆమె విడిపోయి ఇంగ్లండు వెళ్లింది. స్టిర్నర్ అప్పులవాళ్లు వెయ్యించిన జైల్లో రెండుసార్లు గడిపి, 1856లో దాదాపు అనామకుడిగా పోయాడు. దశాబ్దాల తర్వాత జీవితచరిత్ర రాయబోయిన మకాయ్ లండన్‌లో ఉన్న ఆమెను వెతికి పట్టుకుంటే, ఆమె రాసి పంపిన జవాబుల్లో అతని పట్ల ప్రేమ గానీ గౌరవం గానీ కనబడలేదు. మకాయ్ నొచ్చుకున్నాడు. ‘ఏకైకుడి’ సొత్తు జాబితాలో ఆమె సొమ్ము ఉంది. ఆమె స్వాధీనత గురించిన అధ్యాయం ఆ పుస్తకంలో లేదు.

మార్క్స్, ఎంగెల్స్ 1845-46లో రాసిన ‘జర్మన్ భావజాలం’లో సగానికి పైగా స్టిర్నర్ మీద దాడే. అది పూర్తిగా అచ్చయినది 1932లో. తల్లోంచి భావాన్ని తీసేస్తే భావం వెనక ఉన్న పొలం, మిల్లు, పోలీసు మాయమవరన్నది వాళ్ల వాదన సారం. వాదన సరైనదే, వెటకారం మాత్రం విసుగు పుట్టించేంత సాగింది. ఇంత చిన్న శత్రువు మీద ఇన్ని పేజీలా అనిపిస్తుంది. దెబ్బ ఎక్కడో తగిలిందన్నమాట. కామూ 1951లో రాసిన ‘తిరుగుబాటు చేసిన మనిషి’ నాకు ఇంకా దగ్గరగా తోస్తుంది. ఇకపై కుదరదు అన్న బానిస ఒక గీత గీస్తాడు, ఆ గీతకు ఇవతల ఉన్న విలువ తన ఒక్కడిదే కాదని ఆ క్షణంలోనే గ్రహిస్తాడు అంటాడు కామూ. బిల్ నిరాకరణను దృష్టిలో పెట్టుకుని ఈ మాట చదివితే అది తత్వంలా కాక జరిగిన సంగతిలా ఉంటుంది.

మరి సాక్సనీ అధికారుల మాట? ఒక మనిషి తన గదిలో కూర్చుని దేనికీ తలవంచనంటే ప్రభుత్వానికి నష్టం లేదని వాళ్లు లెక్కవేశారు. అదే పుస్తకం ఎమ్మా గోల్డ్‌మన్ చేతిలో పడినప్పుడు ఆ లెక్క తప్పింది. 1910లో తన వ్యాసాల సంపుటికి రాసిన ముందుమాటలో ఆమె స్టిర్నర్‌ను వెనకేసుకొచ్చింది. ఎవరికి వారే యమునాతీరే అన్న మాటకు అతన్ని కుదించేవాళ్లు, అతని వ్యక్తివాదంలో ఉన్న సామాజిక అవకాశాన్ని చూడలేదని వాదించింది. ఆమె మాత్రం సభలు పెట్టింది, సమ్మెలకు వెళ్లింది, గర్భనిరోధం గురించి బహిరంగంగా మాట్లాడి 1916లో జైలుకు పోయింది. 1919లో అమెరికా ప్రభుత్వం ఆమెను ఓడెక్కించి దేశం దాటించింది. స్టిర్నర్ నుంచి ఆమె తీసుకున్నది తలలోని పోలీసును దించుకోవడం. మిగతాది సాటివాళ్ల దగ్గర నేర్చుకుంది.

ఈ పాఠం మీద వ్యాసం రాసే ముందు డగ్లస్ 1845 నాటి జీవిత కథలో పదో అధ్యాయం ఒకసారి చదవండి. కోవీతో పెనుగులాట అక్కడే వస్తుంది. బిల్ ఎన్ని వాక్యాలు మాట్లాడాడో చూసుకుని, అతన్ని స్టిర్నర్ పుస్తకంలో ఎక్కడ ఉంచగలరో మీ మాటల్లో రాయండి.